రిమిని: గొడుగుల వరసల వెనక ఊరు

అందరికీ నమస్కారం. ఇటలీ అనగానే మనవాళ్ల జాబితాలో రోమ్, ఫ్లారెన్స్, వెనిస్ ఉంటాయి. రోజులు మిగిలితే మిలాన్. సముద్రం కూడా చూడాలనుకున్నవాళ్లు అమాల్ఫీ తీరానికి వెళ్లి, కొండ రోడ్ల మీద బస్సులో నిలబడి, ఫొటోలు తీసుకుని వచ్చేస్తారు. ఇవాళ మాట్లాడుకునే ఊరు దేశానికి అవతలి పక్కన, ఏడ్రియాటిక్ సముద్రం ఒడ్డున ఉంది. పేరు రిమిని. ఇటలీ వాళ్లు పిల్లాజెల్లాతో తాము సెలవులకు వెళ్లే ఊరు అది.

ముందే ఒక మాట చెప్పేస్తాను, తర్వాత నన్ను తిట్టుకోకుండా. రిమిని సముద్రం నీలంగా, అద్దంలా ఉంటుందని ఎవరైనా చెప్తే నమ్మకండి. ఉత్తరాన పో నది తెచ్చే ఒండ్రు ఈ సముద్రంలోనే కలుస్తుంది, పైగా ఒడ్డు దగ్గర లోతు లేదు. నీళ్లు ఇసుక రంగులోనో, ఆకుపచ్చగానో ఉంటాయి. ఆ ఊరి గొప్పంతా సముద్రం చుట్టూ మనుషులు చేసుకున్న ఏర్పాటులో ఉంది. ఆ ఏర్పాటు ఎలా నడుస్తుందో తెలిసి వెళ్తే రిమిని బాగుంటుంది. తెలియకుండా వెళ్తే ఎండ, జనం, గొడుగులు, అంతే.

ఆ ఏర్పాటు వయసు నూట ఎనభై ఏళ్లు దాటింది. 1843 జూలై 30న ఇక్కడ మొదటి సముద్రస్నానాల కేంద్రం తెరిచారు. బల్దీనీ వంశానికి చెందిన ఇద్దరు కౌంట్లు, అంటే మన జమీందార్ల లాంటివాళ్లు, డబ్బు పెట్టారు, క్లౌదియో తింతోరి అనే డాక్టరు వాళ్లతో కలిశాడు. డాక్టరు ఎందుకంటే, అప్పట్లో సముద్రస్నానం సరదా కాదు, వైద్యం. ఫలానా జబ్బుకి ఇన్ని మునకలు అని చీటీ రాసేవాళ్లు. 1861లో బొలోన్యా నుంచి రైలు వచ్చింది. 1873లో కుర్సాల్ అనే విహారభవనం కట్టారు. 1908లో గ్రాండ్ హోటల్ తెరిచారు. ఆ హోటల్ ఇప్పటికీ ఉంది, తెల్లగా, పెళ్లి కేకులా. పైన రెండు పెద్ద గుమ్మటాలు ఉండేవి, 1920లో అగ్నిప్రమాదంలో పోయాయి, మళ్లీ కట్టలేదు. పాత పోస్టుకార్డుల్లో గుమ్మటాలతో కనిపించి, మీ ముందు లేకుండా కనిపిస్తే వేరే హోటల్ అనుకోకండి.

ఇప్పుడు ఇసుక దగ్గరికి వద్దాం. రిమినిలో బీచ్ దాదాపు 15 కిలోమీటర్లు ఉంటుంది. రేవుకి దక్షిణాన, మరీనా చెంత్రో అనే చోట గొడుగుల మధ్య నుంచి నీళ్ల దాకా నడిచేసరికి కాళ్లు కాలతాయి, అంత వెడల్పు. రేవు దాటి ఉత్తరాన విసెర్బా వైపు వెళ్తే మాత్రం బీచ్ సన్నబడి, ఒడ్డుకి ఎదురుగా సముద్రంలో రాళ్ల కట్టలు వరసగా కనిపిస్తాయి. కారణం రేవుకి కట్టిన జెట్టీ. ఒడ్డు వెంట ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి జరుగుతూ ఉంటుంది. జెట్టీ దానికి అడ్డం పడింది. ఇవతల పేరుకుంది, అవతల కోసుకుపోయింది. విశాఖపట్నం వాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. అక్కడా రేవు గోడ దగ్గర ఆగిన ఇసుకని తవ్వి ఆర్కే బీచ్‌కి పోయాల్సి వస్తోంది. రిమినిలో ఇసుకని కాపాడుకోవడానికి ఉత్తరపు వైపు రాళ్లు వేశారు.

ఇది గదులు బుక్ చేసేటప్పుడే పనికొస్తుంది. వెడల్పాటి ఇసుక, జనం, సంగీతం, రాత్రి సందడి కావాలంటే మరీనా చెంత్రో. చిన్నపిల్లలున్నారు, నీళ్లు కుంటలా నెమ్మదిగా ఉండాలి అంటే రాళ్ల కట్టల వెనకున్న విసెర్బా, విసెర్బెల్లా, తోర్రే పెద్రేరా. ఇవన్నీ బుకింగ్ సైట్లలో 'రిమిని' అనే కనిపిస్తాయి. అక్కడే చాలామంది బోల్తా పడతారు. చవగ్గా దొరికిందని తీసుకున్న గది పాత ఊరికి ఐదారు కిలోమీటర్ల దూరంలో తేలుతుంది. దక్షిణాన మిరమారె కూడా అంతే. అవి చెడ్డవని కాదు, విసెర్బాకీ మిరమారెకీ సొంత రైల్వే స్టేషన్లు కూడా ఉన్నాయి. కానీ డబ్బు కట్టే ముందు మ్యాపులో పిన్ను ఎక్కడుందో చూసుకోండి.

(సభలోంచి: "బీచ్‌కి డబ్బు కట్టాలా? మన దగ్గర ఎవరూ అడగరు కదా!")

మంచి ప్రశ్న. అసలు విషయం అదే. ఇటలీలో ఒడ్డు ప్రభుత్వానిది. దాన్ని ముక్కలు ముక్కలుగా లీజుకిస్తారు. రిమినిలో ఆ ముక్కని 'బాన్యో' అంటారు. ప్రతి బాన్యోకీ ఒక నంబరు. రేవు దగ్గర 1 మొదలై, దక్షిణాన రిచ్చోనె ఊరి సరిహద్దు వచ్చేసరికి 150 అవుతుంది. రిమిని వాళ్లు చిరునామా కూడా ఆ నంబరుతోనే చెప్తారు, "ఇరవై ఆరు దగ్గర ఉన్నాం" అని. పిల్లలకి నేర్పాల్సిన మొదటి సంగతి ఆ నంబరే. వేల గొడుగులు వరసగా ఉన్నచోట నీళ్లలోంచి బయటికొచ్చిన పిల్లవాడికి దారి తప్పడం నిమిషం పని. పక్కపక్క బాన్యోల గొడుగుల రంగులు సాధారణంగా వేరుగా ఉంటాయి. నంబరు గుర్తుండని చిన్నపిల్లలకి రంగు చెప్పండి.

పద్ధతి ఇలా ఉంటుంది. రోడ్డు వైపు నుంచి లోపలికి వెళ్లగానే చిన్న కౌంటరు ఉంటుంది. ఒక గొడుగు, రెండు పడకలు అడగండి. గొడుగుని ఒంబ్రెల్లోనే అంటారు, పడకని లెత్తీనో. రోజంతానా, పూటా అని అడుగుతారు. చాలాచోట్ల మధ్యాహ్నం నుంచి పూట రేటు ఉంటుంది. ధర వరసని బట్టి. నీళ్లకి దగ్గరి మొదటి వరస ఖరీదు, వెనక్కి పోయేకొద్దీ తగ్గుతుంది. వేసవి మామూలు రోజుల్లో గొడుగు, రెండు పడకలు కలిపి ఇంచుమించు 20 నుంచి 40 యూరోల మధ్య అనుకోండి. ఆగస్టులో మొదటి వరస అయితే ఆ లెక్క దాటుతుంది. డబ్బు కట్టి రసీదు తీసుకోండి. మీకో గొడుగు నంబరు ఇస్తారు. అక్కడిదాకా వచ్చి గొడుగు తెరిచి పెట్టేది బాన్యీనో. ఇటలీలో మిగతాచోట్ల ఆ మాటకి ఈతకాపరి అని అర్థం. రిమిని ప్రాంతంలో మాత్రం బాన్యో నడిపే ఆసామినే అలా అంటారు. ఈతకాపరిని 'సల్వతాజ్జో' అంటారు, ఎర్ర చొక్కా వేసుకుని ఎత్తైన కుర్చీలో ఉంటాడు. నీళ్లలో ఎవరికైనా ఇబ్బంది అయితే పిలవాల్సింది ఎర్ర చొక్కాని.

గొడుగు మీరు తెరవకండి, మీరు జరపకండి. బోల్టు వదులుగా ఉన్న గొడుగు గాలికి లేస్తే ఈటెలా పోతుంది. నీడ జరిగింది అంటారా? జరుగుతుంది. రిమిని తీరం ఈశాన్యానికి తిరిగి ఉంది. పొద్దున ఎండ సముద్రం మీదుగా వస్తుంది, నీడ మీ వెనక ఊరి వైపు పడుతుంది. మధ్యాహ్నం దాటాక ఎండ ఊరి వైపు నుంచి వస్తుంది, నీడ నీళ్ల వైపు పోతుంది. మీ పడకని తిప్పుకోవచ్చు, పక్కవాళ్ల నీడలోకి మాత్రం దూరకూడదు. అక్కడ ఏళ్ల తరబడి అదే గొడుగు కింద కూర్చునే కుటుంబాలుంటాయి. ఆ నాలుగడుగుల నీడ వాళ్లకి సొంత పెరడు కింద లెక్క.

డబ్బు కట్టకుండా కూర్చునే చోట్లు కూడా ఉన్నాయి. స్ప్యాజ్జా లీబెరా అంటే ఉచిత బీచ్. రేవు పక్కన బాన్యో 1కి ముందు ఒకటి, మిరమారె వైపు మరికొన్ని. అక్కడ గొడుగు ఉండదు, మీరే తెచ్చుకోవాలి. ఇంకో హక్కు కూడా తెలుసుకోండి. నీటి అంచు నుంచి ఐదు మీటర్ల పట్టీ అందరిదీ. ఏ బాన్యో ముందు నుంచైనా ఆ పట్టీ మీద నడిచి వెళ్లవచ్చు, ఎవరూ ఆపకూడదు. కానీ అది నడిచే దారి. అక్కడ తువ్వాలు పరిచి కూర్చుంటే లేపుతారు, లేపడం న్యాయమే. ఈ లీజులు వేలం లేకుండా ఒకే కుటుంబాల చేతుల్లో ఎన్నాళ్లుండాలి అన్న తగవు యూరోపియన్ యూనియన్‌కీ ఇటలీకీ మధ్య ఏళ్లుగా నడుస్తోంది. గడువుని 2027 సెప్టెంబరు దాకా పొడిగించారు. మీరు వెళ్లేసరికి పేర్లూ రేట్లూ మారి ఉండొచ్చు కాబట్టి పాత బ్లాగుల్లో చదివిన ధరలు పట్టుకుని వాదించకండి.

ఇక నీళ్లు. లోతు చాలా నెమ్మదిగా పెరుగుతుంది. యాభై మీటర్లు నడిచినా నడుము దాకా రాని చోట్లున్నాయి. ఈతరాని వాళ్లు ధైర్యంగా వెళ్తారు, ప్రమాదం కూడా ఆ ధైర్యంలోంచే వస్తుంది. మూడు జెండాలు గుర్తుపెట్టుకోండి. తెల్ల జెండా ఉంటే కాపరి ఉన్నాడు, నీళ్లు బాగున్నాయి. ఎర్ర జెండా అంటే నీళ్లలోకి దిగడం ప్రమాదం, లేదా కాపరి లేడు. పసుపు జెండా గాలికి సంబంధించింది. గొడుగులు మూసేస్తారు, గాలి నింపిన పడవలు, పరుపులు నీళ్లలో పెట్టకూడదు.

ఈ పసుపు జెండాని మనవాళ్లు పట్టించుకోరు, ఎందుకంటే ఆ రోజు సముద్రం ప్రశాంతంగా కనిపిస్తుంది. అక్కడ గర్బీనో అని ఒక గాలి ఉంది. నైరుతి నుంచి, కొండలు దిగి, వేడిగా వీస్తుంది. భూమి మీద నుంచి సముద్రం వైపు వీచే గాలి కాబట్టి ఒడ్డున అలే ఉండదు. పిల్లవాడు ప్లాస్టిక్ పరుపు మీద పడుకుని ఉంటాడు, అల లేదు కదా అని తల్లిదండ్రులు ఫోను చూస్తుంటారు. పరుపు ఒక తెరచాపలా పనిచేసి లోపలికి పోతుంది. అమ్మో అనుకునేసరికి లోతు వచ్చేస్తుంది. దిగి నడవలేడు, ఎదురుగాలికి ఈదలేడు. అలాంటప్పుడు పరుపు వదిలేసి ఈదాలని చూడకూడదు, దాన్నే పట్టుకుని చెయ్యి ఊపాలి. కాపరి తెడ్లు వేసే ఎర్ర జంట పడవలో వస్తాడు. గాలి ఈశాన్యం నుంచి వీచే రోజు వ్యవహారం వేరు. అలలు లేస్తాయి, రాళ్ల కట్టల వెనక చేరిన నీళ్లు కట్టల మధ్య ఖాళీల్లోంచి జోరుగా బయటికి పోతాయి. రాళ్ల దగ్గర ఆడుకోవద్దనేది అందుకే. మామూలు రోజు కూడా ఒడ్డుకి 300 మీటర్ల దగ్గర తేలే బోయాల వరస దాటకూడదు, అవతల మోటారు పడవలు తిరుగుతాయి. వేసవిలో కాపరులు పొద్దున తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం ఆరున్నర దాకా ఉంటారు. జూన్‌లో సూర్యాస్తమయం దాదాపు తొమ్మిదికి. ఆ మధ్యలో రెండున్నర గంటల వెలుతురు ఉంటుంది, కాపరి ఉండడు.

ఇంకో చిన్న జంతువు. త్రాచీనా అనే చేప ఇసుకలో కప్పుకుని ఉంటుంది, వీపు మీద విషపు ముల్లు. తొక్కితే తేలు కుట్టినట్టు భగ్గుమంటుంది. చన్నీళ్లు, ఐస్ పెట్టకండి. ఆ విషం వేడికి పాడవుతుంది. ముల్లు మిగిలి ఉంటే తీసి, కాలు కాలకుండా ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో అరగంటో, ఇంకాసేపో ఉంచాలి. ఏ బాన్యోలో అడిగినా వేడి నీళ్లు ఇస్తారు, వాళ్లకిది కొత్త కాదు. ఊపిరి ఇబ్బంది, ఒళ్లంతా దద్దుర్లు వస్తే 112కి ఫోన్ చేయండి. సముద్రంలో ప్రమాదమైతే కోస్ట్‌గార్డు నంబరు 1530.

గట్టి వాన పడ్డ మర్నాడు నీళ్లలోకి దిగకపోవడం మంచిది. ఊరి మురుగు, వాననీరు ఒకే గొట్టాల్లో పోయే పాత పద్ధతి వల్ల, వాన ఎక్కువైతే అది సముద్రంలోకి పొంగేది. దాన్ని మార్చడానికి ఊరు పెద్ద పని పెట్టుకుంది. కెన్నెడీ కూడలి కింద భారీ ట్యాంకులు కట్టి, వాటి మీద సముద్రం చూసే మెట్ల వేదిక కట్టారు. టూరిస్టులు దాని మీద కూర్చుని ఐస్‌క్రీమ్ తింటారు, కింద ఏముందో తెలియక. (నవ్వులు)

ఎలా చేరాలి? మనకి దగ్గర దారి బొలోన్యా. విమానాశ్రయం నుంచి బొలోన్యా సెంట్రల్ స్టేషన్‌కి మోనోరైలు ఉంది, ఏడెనిమిది నిమిషాలు. అక్కడి నుంచి రిమినికి 110 కిలోమీటర్ల పైచిలుకు. వేగం రైలు గంటలో, ప్రాంతీయ రైలు గంటన్నరలో తెస్తుంది. రోమ్ నుంచి, మిలాన్ నుంచి వచ్చేవాళ్లు కూడా ఎక్కువగా బొలోన్యాలోనే మారతారు. అక్కడ రెండు సంగతులు. ఒకటి, హైస్పీడు రైళ్ల ప్లాట్‌ఫారాలు 16 నుంచి 19 భూమి కింద చాలా లోతులో ఉన్నాయి. రిమిని వైపు రైళ్లు సాధారణంగా పైనుంచి బయల్దేరతాయి. సామానుతో ఎస్కలేటర్లు ఎక్కి రావడానికి పదిహేను నిమిషాలు పడుతుంది, పది నిమిషాల మార్పు పెట్టుకోకండి. రెండోది, బోర్డు మీద రిమిని అని కనిపించకపోవచ్చు. బోర్డు మీద చివరి స్టేషన్ పేరే రాస్తారు. అంకోనా, పెస్కారా, బారి, లెచ్చే, ఇవన్నీ రిమిని మీదుగా పోయేవే. రైలు నంబరు చూసుకోండి.

ప్రాంతీయ రైలుకి కాగితం టికెట్టు కొంటే, ఎక్కే ముందు ప్లాట్‌ఫారం దగ్గరి చిన్న మెషిన్లో పెట్టి తేదీ, టైమ్ గుద్దించాలి. గుద్దించకపోతే టికెట్టు కొన్నా కొననట్టే, జరిమానా పడుతుంది. ఫోన్‌లో కొంటే గుద్దేది లేదు, దాని బదులు ప్రయాణానికి ముందు లింకులో చెక్-ఇన్ నొక్కాలి. నొక్కకపోతే అదే గతి.

రిమినిలో దిగాక పట్టాలు ఊరిని రెండుగా కోస్తాయి. స్టేషన్ ముందువైపు పాత ఊరు, వెనకవైపు సముద్రం. బీచ్ ఒక కిలోమీటరు పైన, పాత ఊరు అరకిలోమీటరు. వచ్చినవాళ్లలో చాలామంది వెనకవైపు వెళ్లి వారం రోజులుండి, ముందువైపు రాకుండానే తిరిగి రైలెక్కుతారు. రెండువేల ఏళ్ల ఊరిని పది నిమిషాల దూరంలో వదిలేసి పోవడం అది. ఒడ్డు వెంట తిరగడానికి 11వ నంబరు సిటీ బస్సు ఉంది, రిచ్చోనె దాకా వెళ్తుంది. దాని స్టాపులకి కూడా నంబర్లుంటాయి, హోటల్ వాళ్లు ఆ నంబరే చెప్తారు. రైలు పట్టాల పక్కన సొంత దారి మీద మెట్రోమారే అనే ట్రాలీబస్సు స్టేషన్ నుంచి రిచ్చోనెకి పోతుంది. ట్రాఫిక్ రోజు అదే మేలు. కారు అద్దెకి తీసుకుంటే పాత ఊరిలో జెడ్‌టీఎల్ (బయటి కార్లు రాకూడని ప్రాంతం) అని రాసిన బోర్డు దాటకండి. కెమెరా ఫొటో తీస్తుంది, నెలల తర్వాత మీ కార్డు మీద జరిమానా వస్తుంది, దాంతోపాటు కారు కంపెనీ సర్వీసు ఛార్జీ.

పాత ఊరు పొద్దున ఎనిమిదికి మొదలుపెట్టి నడిస్తే ఒంటిగంటకి చూడొచ్చు. నా సలహా, దక్షిణపు కొసన రోమన్ చక్రవర్తి అగస్టస్ పేరున్న తోరణం దగ్గర మొదలుపెట్టండి. క్రీ.పూ. 27లో కట్టింది. రోమ్ నుంచి వచ్చే ఫ్లమినియా రహదారి సరిగ్గా ఇక్కడ ముగుస్తుంది. దగ్గరికి వెళ్లి కమాను వెడల్పు చూడండి. దాదాపు తొమ్మిది మీటర్లు. కోటగుమ్మం అన్నాక తలుపులుండాలి, ఇంత వెడల్పుకి తలుపులు పెట్టే వీలే లేదు. అంతర్యుద్ధాలు ముగిశాయి, ఇక గుమ్మం మూసే పని లేదని చెప్పడానికే అలా కట్టారంటారు. మూలల్లో నాలుగు దేవుళ్ల ముఖాలున్నాయి. బయటివైపు జూపిటర్, అపోలో. ఊరివైపు నెప్ట్యూన్, రోమ్ నగర దేవత. పైన పళ్లలా కనిపించే ఇటుక గోడ రోమన్లది కాదు, మధ్యయుగంలో పెట్టింది.

అక్కడి నుంచి కోర్సో దావ్‌గుస్తో అనే వీధి తిన్నగా పోతుంది. మధ్యలో ప్యాజ్జా త్రే మార్తిరి. ముగ్గురు అమరుల కూడలి అని అర్థం. 1944 ఆగస్టు 16న ఇక్కడ ముగ్గురు యువకులని నాజీ, ఫాసిస్టులు ఉరితీశారు. కొంచెం పక్కకి తిరిగితే మలతెస్తా గుడి. 1450 ప్రాంతంలో సిజిస్మొందో మలతెస్తా అనే పాలకుడు పాత చర్చికి లియోన్ బత్తిస్తా అల్బెర్తీ అనే వాస్తుశిల్పి చేత పాలరాతి తొడుగు వేయించడం మొదలుపెట్టాడు. డబ్బు, అదృష్టం రెండూ అయిపోయి ముఖభాగం పైసగం అలాగే ఆగింది. లోపల చిత్రకారుడు జొత్తో వేసిన శిలువ, ఇంకో చిత్రకారుడు పియెరో దెల్లా ఫ్రాంచెస్కా 1451లో వేసిన కుడ్యచిత్రం ఉన్నాయి. ఇది వాడుకలో ఉన్న చర్చి. ప్రార్థన జరిగేటప్పుడు తిరగనివ్వరు, భుజాలు కప్పుకోవాలి. బీచ్ నుంచి ఈత దుస్తుల మీద వచ్చి గుమ్మం దగ్గర ఆగిపోయేవాళ్లు రోజూ కనిపిస్తారు.

డాక్టర్లెవరైనా ఉంటే ప్యాజ్జా ఫెర్రారిలోని 'వైద్యుడి ఇల్లు' వదలకండి. 1989లో ఒక చెట్టు పెకిలిస్తుంటే బయటపడింది. మూడో శతాబ్దంలో మంటల్లో కూలిన ఇల్లు, అందుకే లోపలివి లోపలే ఉండిపోయాయి. సుమారు 150 శస్త్రచికిత్స పరికరాలు దొరికాయి. పళ్లు పీకే పటకార్లు, గాయంలోంచి బాణం ముల్లు తీసే సాధనం. పరికరాలు పక్కనున్న మ్యూజియంలో ఉన్నాయి, ఇంటి నేల, మొజాయిక్‌లు అద్దాల కప్పు కింద అక్కడే ఉన్నాయి. సోమవారం మూత.

వీధి ఉత్తరపు కొసన టైబీరియస్ వంతెన. అగస్టస్ క్రీ.శ. 14లో మొదలుపెట్టాడు, తర్వాతి చక్రవర్తి టైబీరియస్ 21లో పూర్తిచేశాడు. ఐదు కమానులు, ఇస్త్రియా రాయి. పక్కకి దిగి నీటి మట్టం నుంచి చూడండి. స్తంభాలు వంతెనకి తిన్నగా ఉండవు, కొంచెం ఏటవాలుగా ఉంటాయి. నది రోడ్డుకి అడ్డంగా కాకుండా వంకరగా వచ్చేది కాబట్టి స్తంభాలని ప్రవాహం వైపు తిప్పారు, వంతెనని రోడ్డు వైపు ఉంచారు. ఇప్పుడు నదిని పక్కకి మళ్లించారు, కింద ఉన్నది నిలకడ నీరు. అవతల బోర్గో సాన్ జులియానో, పాత జాలరిపేట, రంగురంగుల చిన్న ఇళ్లు, గోడల మీద సినిమా దర్శకుడు ఫెల్లీనీ బొమ్మలు. ఆయన పుట్టింది ఈ ఊళ్లోనే, 1920లో. తన ఊరి జ్ఞాపకాలతో తీసిన 'అమర్‌కోర్ద్' కోసం రిమినిని రోమ్‌లోని స్టూడియోలో కట్టుకున్నాడు. కాబట్టి ఆ సినిమా దృశ్యాలు వెతుక్కుంటూ వీధులు తిరిగితే దొరకవు. 2021 నుంచి ఆయన మ్యూజియం సిజిస్మొందో కోటలో ఉంది.

(సభలోంచి: "శాకాహారులకి ఏం దొరుకుతుంది?")

దొరుకుతుంది, అడిగే తెలివి ఉంటే. ఆ ప్రాంతపు రొట్టె పియదీనా. చూడగానే మన చపాతీ అనిపించి, ఇది సేఫ్ అనుకుంటారు. సంప్రదాయంగా అందులో కలిపేది స్త్రుత్తో, అంటే పంది కొవ్వు. ఆలివ్ నూనెతో చేసినది కూడా ఉంటుంది. "సెన్జా స్త్రుత్తో, అల్లోలియో" అనండి, స్త్రుత్తో లేకుండా, నూనెతో అని. కౌంటర్లోని పిల్లలకి ఈ ప్రశ్న అలవాటే. రిమిని పియదీనా మిగతా ఊళ్లకంటే పల్చన, మూడు మిల్లీమీటర్లు మించదు. వెడల్పు 23 నుంచి 30 సెంటీమీటర్లు. ఇంట్లో చేసుకోవాలంటే అరకిలో మైదాకి 75 గ్రాముల ఆలివ్ నూనె, పది గ్రాముల లోపు ఉప్పు, పావులీటరుకి కాస్త తక్కువ నీళ్లు. పిండి కలిపి అరగంట కప్పి ఉంచాలి. తొందరపడి వత్తితే రబ్బరులా వెనక్కి ముడుచుకుంటుంది. పెనం బాగా కాలాలి. సన్నమంట మీద వేస్తే తేమంతా పోయి అప్పడంలా విరుగుతుంది. ఫోర్కుతో పొడుస్తూ, తిప్పుతూ, రెండు పక్కలా చిరుతపులి మచ్చలు పడేదాకా కాల్చాలి, మొత్తం మూడు నాలుగు నిమిషాలు. లోపల స్క్వక్వెరోనే అనే మెత్తటి జున్ను, రుకోలా ఆకు పెట్టి మడిచి ఇస్తారు. దానితోపాటు కస్సోనే కూడా అడగండి, పచ్చి రొట్టె మడతలో ఆకుకూర పెట్టి అంచులు మూసి కాల్చేది, మన కజ్జికాయకి దూరపు చుట్టంలా ఉంటుంది. జున్నులో సాధారణంగా దూడ పొట్టలోంచి తీసిన రెన్నెట్, అంటే పాలు విరగ్గొట్టే పదార్థం, ఉంటుంది కాబట్టి ఆ పట్టింపు ఉన్నవాళ్లు ఈ జున్ను వద్దని, పర్మెజానో అనే గట్టి జున్ను పొడి కూడా చల్లవద్దని చెప్పండి. సూపు, రిసోత్తోల్లో మాంసపు ఉడుకు నీళ్లు సాధారణం.

చేపలు తినేవాళ్లకి బ్రొదెత్తో ఉంది. నాలుగైదు రకాల చేపలు టమాటాతో, కాస్త వెనిగర్ పులుపుతో ఉడికిస్తారు. చింతపండు లేని చేపల పులుసు అనుకోండి, కారం కూడా మీరే తలచుకోవాలి. టైములు గుర్తుంచుకోండి. భోజనం పన్నెండున్నర నుంచి రెండున్నర, రాత్రి ఏడు తర్వాత. నాలుగింటికి ఆకలేస్తే పియదీనా బండే దిక్కు. బిల్లులో కొపెర్తో అని మనిషికి కొంత వేస్తారు, అది మోసం కాదు, కూర్చున్న ఛార్జీ. హోటళ్లలో పెన్స్యోనే కొంప్లేత అంటే మూడు పూటలా భోజనం, మెజ్జా పెన్స్యోనే అంటే టిఫిను, ఒక పూట భోజనం. తాగేవాటికి, మంచినీళ్ల సీసాతో సహా, విడిగా కట్టాలి. మనిషికి రాత్రికి ఇంత అని ఊరి పన్ను కూడా హోటల్లో విడిగా కడతారు.

ఎప్పుడు వెళ్లాలంటే జూన్, లేదా సెప్టెంబరు మొదటి సగం. ఆగస్టు 15 ఫెర్రగోస్తో, ఇటలీ మొత్తం సెలవు. ఆ వారం ముందూ వెనకా రేట్లు ఆకాశంలో, గదులు అడుక్కున్నా దొరకవు. అక్టోబరు నుంచి ఈస్టర్ దాకా బీచ్ వైపు చాలా హోటళ్లు మూసేస్తారు, గొడుగులు తీసేస్తారు. పాత ఊరు మాత్రం ఏడాది పొడుగునా బతికే ఉంటుంది. దోమల మందు ఏ నెలలోనైనా పట్టుకెళ్లండి. శాన్ మరీనో దేశం స్టేషన్ ముందు బస్సెక్కితే గంట లోపు. సరిహద్దులో తనిఖీ లేదు, సింగిల్ ఎంట్రీ షెంగెన్ వీసా ఉన్నా ఇబ్బంది లేదు. కానీ సాయంత్రం ఆఖరి బస్సు తొందరగా వెళ్లిపోతుంది, ఎక్కేటప్పుడే తిరుగు టైము డ్రైవర్ని అడగండి.

చివరగా, ఏ టూరు కంపెనీ చూపించని చోటు ఒకటి. 1944 సెప్టెంబరులో గోథిక్ రేఖ అనే జర్మన్ల రక్షణ వరసని ఛేదించే యుద్ధం ఈ కొండల్లోనే జరిగింది. ఊరు సెప్టెంబరు 21న విడుదలైంది, అప్పటికి బాంబుల కింద చాలా భాగం నేలమట్టం. తోరణం, వంతెన నిలిచాయి. ఆ యుద్ధంలో నాలుగో ఇండియన్ డివిజన్, 43వ గూర్ఖా బ్రిగేడ్ పోరాడాయి. ఆ డివిజన్‌లో మద్రాసు శాపర్ల (సైన్యపు ఇంజనీరింగ్ దళం) కంపెనీ కూడా ఉండేది. మద్రాసు శాపర్లలో మన జిల్లాలవాళ్లూ చేరేవారు. శాన్ మరీనో వెళ్లే రోడ్డు పక్కనే రిమిని గూర్ఖా యుద్ధ శ్మశానం ఉంది. 600 పైచిలుకు సమాధులు, తెల్లటి రాళ్లు, కత్తిరించిన పచ్చిక. వాళ్ల మతాచారం ప్రకారం దహనం చేసినవాళ్లకి సమాధులు లేవు, పేర్లు విడిగా ఒక స్మారకం మీద చెక్కారు. అక్కడ చాలామంది ముందు సమాధులు చూసి వెనక్కి తిరిగి, ఆ పేర్ల దగ్గరికి వెళ్లరు. పాత ఊరి నుంచి ట్యాక్సీలో పది పదిహేను నిమిషాలు. తిరిగి రావడానికి అక్కడ ట్యాక్సీ దొరకదు, వచ్చినదాన్నే అరగంట ఆపుకోండి. గేటు ముందు రోడ్డు మీద బళ్లు చాలా జోరుగా పోతాయి, దాటేటప్పుడు చూసుకోండి.